నీళ్ళుంటాయా మీ దోవలో

కారు కొనేటప్పుడు బళ్ళారి బ్రోకరు మమ్మల్ని అడిగిన ప్రశ్నల్లో పనికొచ్చేది ఒక్కటే. దానికి మేము నవ్వాము.

మేమంటే నలుగురం. నాయన నల్లప్ప, అమ్మ మారెక్క, తమ్ముడు తిప్పేష్, నేను. అది రెండువేల ఆరు, జూన్ నెల. నాయనకు మూత్రపిండాలు రెండూ చెడిపోయాయి. వారానికి రెండుసార్లు, మంగళవారం, శుక్రవారం, బళ్ళారికి తీసుకుపోయి మిషను మీద రక్తం కడిగించాలి. ఒకసారి తప్పితే ఒంట్లో నీరు ఊపిరితిత్తుల్లోకి ఎక్కుతుందనీ, ఇంకోసారి తప్పితే ఇక తీసుకురానక్కరలేదనీ డాక్టరు మొదటిరోజే చెప్పాడు. మాటను చక్కెరలో ముంచి చెప్పే అలవాటు లేని మనిషి.

నాకు చిన్నప్పటి నుంచీ భయాలు ఎక్కువ. కుక్క మొరిగితే భయం, మొరగకపోతే ఇంకా భయం. అటువంటి నాకు ఆ డాక్టరు అట్లా చెప్పాడు.

అంతవరకూ మా ఊరి సుంకప్ప బాడుగకు తోలే జీపులో పోయేవాళ్ళం. పదిమంది పట్టేదాంట్లో ఇరవైమంది, కాళ్ళ దగ్గర కోళ్ళ గంప. పోయేటప్పుడు ఎట్లాగో ఓర్చుకునేవాడు. మిషను మీద పడుకుని లేచాక మాత్రం ఆయనలో ఏమీ మిగిలేది కాదు. గుంత గుంతకూ వాంతి చేసుకునేవాడు. ఒకరోజు సూది పొడిచిన చేతి మీద పక్కనున్నవాడి మోచేయి ఒత్తుకుని, కట్టు తడిసి రక్తం పంచె మీదికి కారింది. ఇంటికొచ్చి బెంగుళూరులో ట్రావెల్స్ కారు తోలే తిప్పేష్‌కు ఫోన్ చేశాను. ఎద్దులను అమ్మాము.

బ్రోకరు చూపించింది తెల్ల కారు, వెనక డిక్కీ ఉన్నది. దాని కంపెనీ పేరు నేను చెప్పను. మా ఊర్లో అందరూ డిక్కీ కారు అనే అన్నారు, నాకూ అదే నోట్లో పడిపోయింది.

"డీజిలు బండి. మైలేజీ బాగిస్తాది," అన్నాడు బ్రోకరు. "ఏసీ ఏసుకున్నా ఎత్తు మీద గస పడదు. రోడ్డు మీద పోతాంటే కడుపులో నీళ్ళు కదలవు."

తిప్పేష్ వీపు నేలకానించి కారు కిందికి దూరి చూసి, దుమ్ము దులుపుకుంటూ లేచాడు. "ఎత్తు తక్కువుండాది. ఈ చాంబరు సూడన్నా, ఎంత కిందికుండాదో. మా దోవలో ఒక రాయి తగిలితే ఇంజనాయిలంతా నేలపాలు."

"కింద ఇనుప రేకు కొట్టిస్తాలేప్పా."

"వీటికి సామాన్లు యాడ దొరుకుతాయి? జీపుకైతే సంతలో కూడా దొరుకుతాయి."

"జీపుకు సామాన్లు దొరుకుతాయి. ఆయప్పకు నడుము దొరుకుతాదా?" అని బ్రోకరు నాయన వైపు చూపించాడు. ఆ మాటతో అమ్మ మనసు కారు వైపు మొగ్గింది. ఆమె డిక్కీ తెరిపించి లోపల చేయి పెట్టి చూసి, పరుపు పడుతుందా, చెంబు, ప్లాస్కు, ఇంకో జత బట్టలు పడతాయా అని తనలో తాను కొలుచుకుంది. నేను తలుపులు వేసి తీసి చూశాను. ఆ తలుపు మూసుకునే చప్పుడు మెత్తగా ఉంది. భయం ఉన్నవాళ్ళకు అటువంటి చప్పుడు నచ్చుతుంది.

నాయన వెనక సీటు మీద పడుకుని చూశాడు. పొడుగు మనిషి. మోకాళ్ళు ముడుచుకోక తప్పలేదు. "కాళ్ళు పట్టవు గానీ మిగతా మనిషి పడతాండాడు," అన్నాడు.

అప్పుడే బ్రోకరు అడిగాడు. "నీళ్ళుంటాయా మీ దోవలో? వంకలు, వాగులు ఉంటే ముందే చెప్పండి. మోకాలి లోతు దాటితే ఈ ఇంజను నీళ్ళు తాగేస్తాది, మళ్ళా లేయదు. నీళ్ళుండే దోవైతే జీపే సూసుకోండి, నా మాట ఇని."

నాయన సీటు మీద పడుకునే అన్నాడు. "ఏ ఊరనుకుంటివప్పా మాది? విడపనకల్లుకు లోపల. మా వంకలో ఏడేండ్లుగా ఉడతకు కూడా కాళ్ళు తడవల్యా."

తిప్పేష్ నవ్వాడు, అమ్మ నవ్వింది, నేనూ నవ్వాను. చివరికి బ్రోకరు కూడా నవ్వి, తాళాలు నాయన చేతిలో పెట్టాడు.

తిప్పేష్ సెలవు పెట్టుకుని ఉండి, ఎండిన చెరువులో నాకు కారు నేర్పించాడు. బీటలు వారిన నేలలో గేర్లు మార్చడం, రివర్సు, అన్నీ అక్కడే. గట్టు మీద జనం కూర్చుని తిరునాళ్ళలో బొమ్మలాట చూసినట్టు చూసేవాళ్ళు. సుంకప్పకు అప్పటికే బేరం పోయిన కోపం. "ఆడోళ్ళు మడక పట్టి దున్నితే వానొస్తాదని మా అవ్వ చెప్పేది," అన్నాడు ఒకరోజు. "నువ్వు స్టీరింగ్ పడితివి. సూద్దాం ఏమొస్తాదో."

"నీ నోట్లో మన్ను రాకుండా సూసుకో మామా," అన్నాను. అందరూ నవ్వారు. తమ్ముడు బెంగుళూరు పోయాక మాత్రం నాకు నవ్వు రాలేదు.

ఆ దోవ గురించి చెప్పాలి. ఊరు దాటగానే వంక. వంక మీద బ్రిడ్జి లేదు. అడ్డంగా సిమెంటు పోసిన దోవ, దాని పక్కన ఇసుక తవ్వి తవ్వి మనిషి లోతు గుంతలు. అక్కడి నుంచి నల్లరేగడి మట్టి దోవ, తర్వాత మెయిన్ రోడ్డు. మెయిన్ రోడ్డు మీద బళ్ళారి ఖనిజం లారీలు. ఆ రోజుల్లో వాటికి పగలూ రాత్రీ లేదు. ఎర్రటి దుమ్ము లేపుకుంటూ ఒకదాని వెనక ఒకటి వచ్చేవి. దుమ్ములో ముందు లారీ కనపడేది కాదు, దాని హారను మాత్రం వినపడేది. నేను స్టీరింగ్‌ను మేకపిల్ల చెవి పట్టుకున్నట్టు పట్టుకుని, ఎడమ పక్కకు ఒదిగి ఒదిగి పోయేదాన్ని. కారు తెల్లగా ఉండడం ఎంత చెడ్డదో నాకు అప్పుడు తెలిసింది. ఇల్లు చేరేసరికి అది కాల్చిన ఇటుక రంగులో ఉండేది.

అయినా అద్దాలు మూసి ఏసీ వేస్తే నాయన అమ్మ ఒడిలో తల పెట్టుకుని నిద్రపోయేవాడు. వాంతులు పోయాయి. సీటు మీద ఆయన మోకాళ్ళు ముడుచుకుని పడుకుంటే అద్దంలో నాకు ఆయన మోకాళ్ళే కనపడేవి. అవి కదులుతున్నాయా అని చూసుకుంటూ తోలేదాన్ని.

ఇంట్లో నా పని నీళ్ళకు కాపలా. ఆ జబ్బుకు ఒంట్లోంచి నీరు పోదు, అందుకని తాగకూడదు. పొద్దున నుంచి రాత్రి దాకా ఇంత అని ఒక స్టీలు చెంబులో పోసి పెట్టేదాన్ని, మాత్రలకూ దాహానికీ అదే. బళ్ళారిలో మిషను ఎక్కించే ముందు ప్రతిసారీ బరువు తూస్తారు. బరువు పెరిగితే నీళ్ళు తాగినట్టు. సిస్టర్ జాయ్ ముల్లు చూసి, "ఏమి పెద్దాయనా, మళ్ళీ తాగినావా?" అనేది. ఆయన తల వంచుకునేవాడు. ఆ తూకం మిషను అంటే నాకు పోలీసు స్టేషను గడప తొక్కినంత భయం.

తాగేవాడు మరి. పుక్కిలిస్తానని నీళ్ళు తీసుకుని, ఉమ్మినట్టే ఉమ్మి సగం మింగేవాడు. బానకు మూత పెట్టి మీద రోకలి పెట్టాను. గేదె తొట్టి దగ్గర పట్టుకున్నాను ఒకరోజు. అరిచాను. అరిచి, లోపలికి పోయి ఏడ్చాను.

"సేనికీ ల్యా, నాకూ ల్యా," అన్నాడు నాయన, అమ్మతో. "ఇద్దరం ఒకే మాదిరి ఎండుతాండాం."

చేను ఆయన ప్రాణం. మొదటి వాన తడికి శెనక్కాయ విత్తించాడు. తర్వాత వాన లేదు. శ్రావణంలో ఒకసారి మోడం పట్టింది. ఊరంతా వీధిలోకొచ్చి తలలెత్తి చూసింది. నాయన కూడా గోడ పట్టుకుని లేచి నిలబడ్డాడు. నేను మాత్రం వాకిట్లో ఉన్న కారు చక్రాల వైపు చూశాను. బ్రోకరు మాట అప్పుడు గుర్తొచ్చింది. మోకాలి లోతు దాటితే తాగేస్తాది, మళ్ళా లేయదు. మోడం వచ్చినట్టే పోయింది. ఊరంతా ఉసూరుమంది. నాకు మాత్రం నెత్తి మీద నుంచి మూట దించినట్టయింది. కన్నతండ్రి చేను ఎండిపోతుంటే ఊపిరి పీల్చుకునే కూతురు మా ఊర్లో నేనొక్కదాన్నే ఉంటాను.

భాద్రపదంలో, చవితి దాటాక, జోకుమారుడు వచ్చాడు. మా వైపు అదొక ఆచారం. బెస్త ఆడవాళ్ళు మట్టితో సామిని చేసి, నోటికి వెన్న పూసి, వేపాకు పరిచిన గంపలో పెట్టుకుని ఇంటింటికీ పాడుకుంటూ తెస్తారు. ఆ సామికి ఏడు రోజులే ఆయుష్షు. అన్ని రోజులూ మనుషుల కష్టం చూసి, పైకి పోయి శివుడికి చెప్పి వాన పంపిస్తాడంటారు. గంప మా ఇంటికి తెచ్చింది హనుమక్క. అమ్మ చేటలో జొన్నలు తెచ్చి పోసింది.

"ఏమి చెప్పమంటావు మారెక్కా, సామికి?"

అమ్మ నాయన వైపు చూసింది. తన ఒంటి గురించి చెప్పుకుంటాడేమోనని నేనూ చూశాను. "శెనక్కాయ ఊడలు దిగే పొద్దు," అన్నాడు నాయన. "ఇప్పుడు రాకపోతే ఇంక రాకపోయినా ఒకటే అని చెప్పు. ఒక్క వాన."

హనుమక్క వీధి మలుపు తిరిగేదాకా ఆగి, వెనకే పోయి కొంగు పట్టుకున్నాను. "అక్కా, ఇంకో మాట చెప్పు సామికి. మంగళవారం, శుక్రవారం మాత్రం వాన వద్దను."

"ఏమి పాపా, దేవునికి వారాలు కూడా మనమే చెప్పాల్నా? ఆయప్ప పంపడమే గొప్ప."

"మిగతా రోజులన్నీ ఆయప్పవే కదక్కా. ఆ రెండే అడుగుతాండా."

ఆమె నా ముఖం చూసి నవ్వడం మానేసింది. గంప దించి, సామి చెవి దగ్గర నోరు పెట్టి ఏదో చెప్పింది. "చెప్పినా," అంది లేస్తూ. "ఇన్నాడో ల్యాదో నాకు తెల్దు."

తర్వాత వచ్చిన శుక్రవారం ఆసుపత్రిలో కరెంటు పోయి, మిషను సగంలోనే ఆగిపోయింది. సగం నీరు ఒంట్లోనే ఉండిపోయింది. "మంగళవారం మాత్రం ఏ పని ఉన్నా మానుకుని రండి," అన్నాడు డాక్టరు. "మంగళవారం తప్పకూడదు." మాకు ఇంకేం పని ఉంటుంది? శనివారం, ఆదివారం నాయన దిండ్లు ఎత్తు పెట్టుకుని కూర్చునే నిద్రపోయాడు. ముఖం ఉబ్బింది. ఆయన గురక వినపడితే భయం, వినపడకపోతే లేచిపోయి చూసేదాన్ని.

సోమవారం మధ్యాహ్నం వాన వచ్చింది.

చినుకులు కాదు, కుండపోత. కణేకల్ దిక్కు నుంచి నల్లగా లేచి, దుమ్ము వాసన ముందు తోలుకుంటూ వచ్చి, ఊరి మీద పడింది. జనం చొక్కాలు విప్పి వీధిలో నిలబడ్డారు. అమ్మ చూరు కింద బిందెలు పెట్టింది. నాయన మంచం వాకిలికి అడ్డంగా వేయించుకుని, కాళ్ళు మాత్రం వానలోకి చాపి కూర్చున్నాడు. నేనూ వానలోకి పోయాను. ఈరోజు సోమవారమే, మంగళవారం రేపు కదా, సామి నా మాట విన్నాడు అని లెక్క వేసుకుని నవ్వుకుంటూ తడిశాను. పొద్దు మునిగేసరికి వాన వెలిసిపోయింది.

పుట్టినప్పటి నుంచీ ఆ ఊర్లో బతికినదాన్ని. వాన వేరు, వంక వేరు అని నాకు తట్టలేదు. పైన కొండల్లో కురిసిందంతా దిగి వచ్చేది మరుసటిరోజే అని మా అవ్వల కాలంలో చంటిపిల్లలకు కూడా తెలిసి ఉంటుంది. మేము మరిచిపోయాం. ఏడేళ్ళు వంక పారకపోతే ఎవరైనా మరిచిపోతారు.

మంగళవారం ఆకాశం కడిగిన పళ్ళెం మాదిరి ఉంది. ఒక్క మోడం లేదు. నాయనను వెనక సీటులో పడుకోబెట్టి, అమ్మను ఎక్కించుకుని, ఊరు దాటి మలుపు తిరిగాను. దోవ లేదు. ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎర్రటి నీళ్ళు, చెట్ల కొమ్మలు తేలుకుంటూ, పెద్ద చప్పుడుతో పోతున్నాయి. బ్రేకు తొక్కి కారు ఆపాను.

ఊరంతా అక్కడే ఉంది. ఆడవాళ్ళు నీళ్ళకు పసుపు కుంకుమ వేసి మొక్కుతున్నారు. మగవాళ్ళు కారు దగ్గరికొచ్చి అద్దంలోంచి నాయనను పలకరించారు. "వానొచ్చె సూడు నల్లప్పన్నా. నీ శెనక్కాయ బతికిపోయె." వాళ్ళ ముఖాల్లో అంత సంతోషం నేను ఎప్పుడూ చూడలేదు. నాకు వాళ్ళను గట్టిగా తిట్టాలనిపించింది.

నాయన అద్దం దించమన్నాడు. చాలాసేపు ఆ చప్పుడు విన్నాడు. "నీళ్ళంచున ఒక రాయి పెట్టు పాపా," అన్నాడు. ఆ కొద్ది మాటలకే ఆయాసపడ్డాడు. "నీళ్ళు రాయిని ఇడిసి పోతే, వంక దిగుతాండాదని."

పెట్టాను. పెట్టి దాని పక్కనే కూర్చున్నాను. పొద్దు ఎక్కేకొద్దీ నీళ్ళు రాయిని విడిచి వెనక్కి పోయాయి. కానీ ఎంత నిదానంగా అంటే, నేను కళ్ళు మూసి తెరిచి చూసినా అక్కడే ఉన్నట్టుండేవి. కారు లోపల నాయన ఊపిరి మాత్రం ఆగి చూసే రకంగా లేదు. ఒక మాటకు రెండుసార్లు ఊపిరి తీయాల్సి వచ్చింది. గొంతులో నీళ్ళ గరగర వినపడింది. పెదాలు నీలంగా మారుతున్నాయని అమ్మ చెప్పలేదు, కొంగుతో కప్పింది. నేను చూశాను.

పొద్దు నడినెత్తికి వచ్చినప్పుడు మా వీధి వీరప్ప తన ట్రాక్టరు తెచ్చాడు. మనిషిని ట్రాలీలో దాటించమని ఒకరు, కూర్చోలేని మనిషిని దాటించి అవతల దేంట్లో తీసుకుపోతారని ఇంకొకరు అరుచుకున్నారు. జీపు ముందురోజే విడపనకల్లులో చెడిపోతే సుంకప్ప దాన్ని అక్కడే వదిలి నడిచి వచ్చాడు. ఇప్పుడు నా దగ్గరికొచ్చాడు. ఎత్తిపొడుస్తాడనుకున్నాను. "జీపు ఈడ ఉండింటే నేనే దాటిస్తును పాపా," అన్నాడు. ఆ మాటతో నాకు ఇంకా భయం వేసింది.

వీరప్ప నీళ్ళలో దిగి, కర్రతో పొడుచుకుంటూ అవతలికి పోయి వచ్చాడు. "సిమెంటు దోవ మింద తొడదాకా ఉండాది," అన్నాడు. "మోకు కట్టి కారునే లాగుతా. నువ్వు ఇంజను ఆపేయ్. ఆపితే నీళ్ళు తాగదు. న్యూట్రల్‌లో పెట్టి, స్టీరింగ్ ఒకటి నిలబెట్టుకో. పక్కకు పోయినావంటే గుంత."

"నా చేత కాదు మామా."

"ఇంకెవరికొచ్చు ఈ ఊర్లో?"

చుట్టూ చూశాను. ఎవరికీ రాదు. నాయన భుజం మీద తువ్వాల తీసి అద్దంలోంచి ఇచ్చాడు. "సైలెన్సర్‌లో దూర్చండి," అన్నాడు. "అవతల తీయడం మర్చిపోవద్దు. కొత్తది."

మోకు బిగించారు. పదిమంది దాకా కారుకు రెండు పక్కలా, వెనకా పట్టుకున్నారు. ట్రాక్టరు కదిలింది. కారు ముక్కు నీళ్ళలోకి వంగింది. ఇంజను ఆపేస్తే స్టీరింగ్ బండరాయి అవుతుందని నాకు తిప్పేష్ చెప్పలేదు, బ్రోకరు చెప్పలేదు. దాని మంచీ చెడ్డా అన్నీ మాట్లాడుకున్నాం గానీ ఈ ఒక్కటి ఎవరూ చెప్పలేదు. రెండు చేతులూ వేసి, ఛాతీ ఆనించి పట్టుకున్నాను. నీళ్ళు తలుపులకు కొట్టుకుంటున్నాయి. ఆ మెత్తటి తలుపులకు.

నడుమకొచ్చేసరికి కారు వెనక భాగం తేలింది. నేల వదిలేసినట్టు తెలిసింది నాకు. డిక్కీ పక్కకు, గుంత వైపుకు తిరుగుతోంది. "పట్టు, పట్టు" అని అరుపులు. సుంకప్ప, ఇంకా ఎవరో డిక్కీ మీద బోర్లా పడి తమ బరువంతా వేశారు. చక్రం మళ్ళీ సిమెంటును తాకింది. మారెమ్మ తల్లీ అని అమ్మ ఒకేమాట చెబుతూనే ఉంది. వీరప్ప గేరు మార్చడానికి ట్రాక్టరు ఆపాడు. అంతా ఆగిపోయింది, నీళ్ళు తప్ప.

తలుపుల కిందినుంచి నీళ్ళు లోపలికి వచ్చాయి. ముందు నా పాదాలు తడిశాయి, తర్వాత చీలమండలు. అద్దంలోకి చూశాను, నాయన మోకాళ్ళ కోసం. ఆయన లేచి కూర్చుని ఉన్నాడు. అమ్మ కళ్ళు మూసుకుని ఉంది. నాయన పక్కకు వంగాడు. చేయి కిందికి పోయింది, పైకి వచ్చింది. పుడిసిట్లో ఎర్రటి నీళ్ళు. అద్దంలో నా కళ్ళలోకి చూశాడు. నేను చూస్తున్నానని ఆయనకు తెలుసు. వద్దని నేను ఒక్క మాట అంటే పారబోసేవాడే.

నేను చూపు తిప్పి మోకు వైపు చూశాను.

ట్రాక్టరు ఊగి కదిలింది. కారు అవతలి గట్టు ఎక్కింది. తువ్వాల లాగేశారు. తాళం తిప్పితే గుర్రుమని ఆగిపోయింది. రెండోసారి తిప్పాను, లేచింది. తలుపులు తెరిస్తే నీళ్ళు ధారగా కారిపోయాయి. వెనక్కి తిరిగి ఎవరికీ దండం కూడా పెట్టకుండా పోనిచ్చాను. తడిసిన బ్రేకులు పట్టడం లేదు. లారీల మధ్య, ఆ బ్రేకులతో, బళ్ళారి దాకా ఎట్లా తోలానో నన్ను అడిగితే చెప్పలేను.

సిస్టర్ జాయ్ గడపలోనే ఉంది. "ఇంత ఆలస్యమా? మిషను ఇంకొకరికి ఇచ్చేసేవాళ్ళం," అంటూనే చక్రాల కుర్చీలోంచి లేపి తూకం మీద నిలబెట్టింది. నేను గోడ వైపు తిరిగి నిలబడ్డాను. ఆ పుడిసెడు నీళ్ళు ముల్లు మీద కనపడతాయేమో అన్నంత భయంగా ఉంది.

"శుక్రవారం సగమే తీశాం కదా," అంది జాయ్. ముల్లు మళ్ళీ చూసింది. "ఆ రోజు పోయినప్పటి బరువుకు ఇప్పటికి పెద్దగా పెరగలేదే. నీళ్ళు తాగలేదా పెద్దాయనా?"

నాయన తూకం దిగాడు. లోపలికి తీసుకుపోయారు. తలుపు మూసుకున్నాక అమ్మ నా పక్కన బెంచీ మీద కూర్చుని, తడిసిన చీర అంచు పిండుకుంది.

"తాగలేదే పాపా," అంది. "నిన్న వాన మొదలైనకాణ్ణుంచి గుటక ముట్టలా. చెంబు అట్లే ఉండాది. వంక పారుతాది, పారితే ఒక పుడిసెడు తాగాల, దానికి నా వంతు మిగిలించుకుంటాండా అన్నాడు. ల్యాకుంటే తూకంలో తెలిసి పాప బయపడతాది అన్నాడు."

నేను ఆ రోజు ఆ బెంచీ మీద ఏడ్చినట్టు, ఆయన పోయిన రోజు కూడా ఏడవలేదు. వంక వస్తుందని ఆయనకు సోమవారమే తెలుసు. తెలిసి కూడా నాకు చెప్పలేదు. చెబితే రాత్రంతా నిద్రపోననుకుని ఉంటాడు.

ఆ ఏడు శెనక్కాయ బాగా దిగింది. కారులోనే చేని గట్టు దాకా తీసుకుపోయాను. చెట్టు ఒకటి పీకి, మన్ను దులిపి, ఊడలన్నీ వేళ్ళతో తడిమి చూసుకున్నాడు. మరుసటి ఏడు ఎండల్లో, ఒక బుధవారం పొద్దున, ఇంట్లో మంచం మీదే పోయాడు. కాళ్ళు బాగా చాపుకుని పోయాడు. వంక అప్పుడు ఎండిపోయి ఉంది.

కర్మలయ్యాక తిప్పేష్ కారుకు బేరం తెచ్చాడు. గుంతకల్లు మనిషి. కార్ల సంగతి తెలిసినవాడే, అన్నీ వరుసగా చూశాడు. ఇంజను శబ్దం బాగుందన్నాడు. చాంబరు కింద రేకు చూసి మెచ్చుకున్నాడు. ఎత్తు తక్కువన్నాడు. వెనక సీటు బాగా అణిగిందన్నాడు. చివరికి వెనక కాళ్ళ దగ్గర పరిచిన మ్యాటు ఎత్తాడు. మూలల్లో ఎర్రగా అట్ట కట్టి ఉంది. గోరుతో గీకి చూశాడు.

"నీళ్ళల్లో గానీ పోయిందేమో అని అడుగుతాంటి," అని నవ్వాడు. "మీ ఊర్లో నీళ్ళు యాడివిలే. దుమ్ము."

తిప్పేష్ కూడా నవ్వి, ఊ అన్నాడు. నా వైపు చూసి కళ్ళతోనే ఊరుకోమన్నాడు. ఊరుకుంటే బేరం అయిపోతుంది.

"దుమ్ము కాదన్నా," అన్నాను. "వంక మన్ను. ఈ కారులోకి నీళ్ళొచ్చినాయి."

ఆయన నవ్వు ఆపి మ్యాటు వదిలేశాడు. "ఎంత లోతు వచ్చినాయి?"

"మా నాయన ఈ సీట్లో కూర్చుని చేయి వంచితే పుడిసిలి నిండేంత."